బాయికాడ పుస్తకం చదివేవాళ్లు ఎవరన్నా ఉన్నారా? పరీక్ష కోసం కాదు, ఊరికే

ఎర్రనేల (దేవరకొండ వైపు)

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. కరోనా టైంలో హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేశాను, ఇప్పుడు నాన్న, నేను కలిసి ఐదెకరాలు చూసుకుంటున్నాం. రెండెకరాలు బత్తాయి, ఎకరంన్నర వరి, మిగతాది పత్తి. రెండు బర్రెలు, ఒక దుడ్డె, పది పదిహేను నాటుకోళ్లు, ఇంటెనక కూరగాయల మడి. యూట్యూబ్‌లో చూస్తే ఈ బతుకంతా చెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. పొద్దున నాలుగున్నరకు లేచి పెండ తీసి, పాలు పిండి, కేంద్రంలో పోసి, గడ్డి కోసుకొచ్చి వేసేసరికి ఎండ ఎక్కుతుంది, ఆ తర్వాత మోటరు, డ్రిప్పు పైపులు, కూలోళ్లు, మందుల షాపు, మళ్లీ సాయంత్రం పాలు. మంచం ఉంది గానీ మీద కూర్చునేది ఎక్కువగా కోళ్లే.

విషయానికి వస్తా. చిన్నప్పుడు నేను బాగా చదివేవాణ్ని. వారపత్రికల్లో సీరియళ్లు, బస్టాండ్‌లో అద్దెకిచ్చే డిటెక్టివ్ నవలలు, ఏది దొరికితే అది. డిగ్రీ అయినంక గ్రూప్స్ అని దిగాను, నాలుగైదేళ్లు పుస్తకం అంటే జనరల్ స్టడీస్, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర, అంతే. ఉద్యోగం రాలేదు సరే, ఆ తర్వాత పుస్తకం ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చింది.

ఈ మధ్య మళ్లీ చదవాలని గట్టిగా అనిపిస్తోంది. మొన్న వడ్లు తీసుకపోయి ఐకేపీ సెంటర్ (సర్కారు వడ్లు కొనే కేంద్రం) కాడ పడిగాపులు కాసినప్పుడు ఇంకా ఎక్కువ అనిపించింది. తేమ 17 శాతం లోపు వచ్చేదాకా ఆరబోసుడు, నేర్పుడు, మబ్బు పట్టగానే టార్పాలిన్ కప్పుడు, తేమ వచ్చినంక గోనె సంచుల కోసం చూసుడు, సంచులొచ్చినంక లారీ కోసం చూసుడు. చుట్టూ అందరూ ఫోన్లలోనే ఉన్నరు. నేను కూడా. సాయంత్రానికి తల బరువెక్కింది తప్ప ఏం చూశానో ఒక్కటీ గుర్తు లేదు.

సమస్య ఏందంటే ఇప్పుడు నవల పట్టుకుంటే రెండు పేజీలు దాటట్లేదు. చెయ్యి దానంతటదే పెన్సిల్ వెతుక్కుంటోంది, పేర్లు, సంవత్సరాలు కింద గీత గీస్తున్నా, వెనక్కి తిరిగి గుర్తున్నాయా లేదా అని చూసుకుంటున్నా. రాత్రి తిన్నాక చదువుదామంటే అక్షరాలు అలుక్కుపోయి నిద్ర వచ్చేస్తోంది. పగలు బయట కూర్చొని చదివితే దారిన పోయే ప్రతి ఒక్కరూ "మళ్లీ నోటిఫికేషన్ పడ్డదా?" అని అడుగుతున్నరు. లేదు, కథల పుస్తకం అంటే ఒక రకంగా చూసి పోతున్నరు. నాన్న ఏం అనడు గానీ, నేను పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆయనకు ఏదో ఒక పని గుర్తొస్తుంది.

పొలం, పశువులు ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతున్నారా? ఏ టైంలో? ఏం చదువుతారు? గంటల లెక్కలు, సంవత్సరానికి యాభై పుస్తకాల టార్గెట్లు చెప్పకండి దయచేసి.

బత్తాయి_కాపు (హాలియా)

తమ్మీ, ముందు ఆ పెన్సిల్ అవతల పారెయ్. నీ జబ్బు సగం అక్కడే ఉంది. నవలలో తాత పేరు మర్చిపోతే మార్కులు పోవు. ఇరవై పేజీలు చదివినంక నచ్చకపోతే మూసెయ్, మధ్యలో వర్ణన బోరు కొడితే దూకెయ్, ముందు ఆఖరి పేజీ చదువుకున్నా ఎవడూ డిబార్ చేయడు. నేనైతే తిండి పుస్తకాలు, పాత యాత్రలు, దయ్యాల కథలు అన్నీ కలిపి చదువుతా, ఏదీ పూర్తి చేయాలని పట్టు లేదు.

టైం సంగతి. రైతుకు ఖాళీ గంట దొరకదు, అది మర్చిపో. కానీ రైతుకు ఉన్నంత ఎదురుచూపు ఎవరికీ ఉండదు. మడికి నీళ్లు పారుతుంటే ఆ చివరకు చేరేదాకా చూడాలి. స్ప్రే ట్యాంకుల నీళ్లు నిండేదాకా చూడాలి. డ్రిప్పు ఒక వాల్వు తిప్పితే ఇంకో వాల్వు తిప్పేదాకా టైం ఉంటది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే బాగై వచ్చేదాకా ఇంక చెప్పేదేముంది. 2018లో 24 గంటల కరెంటు వచ్చేదాకా మేం రాత్రిళ్లు టార్చి పట్టుకుని బాయికాడికి పోయేవాళ్లం, పాములు తొక్కుకుంటూ. అప్పట్లో అక్కడే స్టార్టర్ గదిలో బల్బు కింద కూర్చొని చదవడం మొదలుపెట్టిన, నిద్ర ఆపుకోవడానికి. అట్ల అలవాటైంది. ఇప్పుడు పగలే నీళ్లు కట్టుకుంటున్నా గానీ పుస్తకం మాత్రం ఆ గదిలోనే ఉంటది, ఇంట్లో ఉండదు. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పిలుస్తరు.

పెద్ద నవలతో మొదలుపెట్టకు. కథలు చదువు. ఒక మడి పారేలోపు ఒక కథ అయిపోతది, మళ్లీ రేపు ఎక్కడ ఆపినమో వెతుక్కునే పని లేదు. ఒకటి గుర్తు పెట్టుకో, తెల్లగా మెరిసే కాగితం మీద అచ్చేసిన పుస్తకం ఎండల చదవలేవు, కండ్లు గుంజుతయి. కొంచెం పసుపు పచ్చ కాగితం, పెద్ద అక్షరం ఉన్నది చూసి కొను.

పుస్తకాన్ని యూరియా సంచిలో మాత్రం పెట్టకు, చెమ్మ పీల్చి అట్ట ఊడిపోతది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా మేలు. ఇంట్లో అయితే అల్మారాను గోడకు ఆనించకు, మన మట్టిగోడలకు చెదలు చెప్పి రావు.

పాలమూరు_కోడలు (వనపర్తి వైపు)

మగవాళ్లకు బాయికాడ స్టార్టర్ గది ఉంది, బాగుంది అన్నా. ఆడవాళ్ల సంగతి చెప్తా వినండి.

నాకు పెళ్లై వచ్చిన కొత్తలో ఇంట్లో అచ్చు అక్షరం అంటే క్యాలెండర్, పెండ్లి కార్డులు, ఎరువుల బస్తాలు. పగలు పుస్తకం పట్టుకుని కూర్చుంటే "ఇంత తీరికేంది" అన్నట్టు ఉండేది చూపు. ఫోన్ చూస్తే ఎవరూ ఏం అనరు, అది నాకు ఇప్పటికీ అర్థం కాదు. చేతిలో ఫోన్ ఉంటే పని మధ్యలో ఒక నిమిషం చూస్తున్నట్టు లెక్క, పుస్తకం ఉంటే పని ఎగ్గొట్టినట్టు లెక్క.

మా అత్తమ్మకు చదువు రాదు. విత్తనానికి పల్లికాయ ఒలిచే రోజుల్లో ఇద్దరం గంటల తరబడి ఎదురెదురుగా కూర్చుంటాం, చేతులు పని చేస్తుంటాయి, నోరు ఖాళీ, సీరియల్ టైం ఇంకా కాలేదు. ఒకరోజు నేనే ఒక కథ పైకి చదివా. నేను చదువుతుంటే నా వాటా పల్లికాయ కూడా ఆమే ఒలిచింది, అది నాకు నచ్చింది (నిజం చెప్తున్నా). కథలో అత్త కోడల్ని తల్లిగారింటికి పంపియ్యలేదు. మా అత్తమ్మ ఒక పూటంతా ఆ అత్తను తిట్టింది. నన్ను పంపియ్యని రోజులు ఆమెకు గుర్తు లేవు, నాకు ఉన్నాయి, నేనేం అనలేదు. మర్నాడు ఆమే అడిగింది, ఇంకోటి చదవమని.

ఇప్పుడు చింతపండు కొట్టేటప్పుడు పక్కింటి ఇద్దరు ముగ్గురు కూడా వస్తున్నారు. వాళ్ల తీర్పులు వినాలి మీరు. పట్నం వాళ్లు రాసిన కథల్లో పేదరాలు పొద్దున్నే లేచి ఊరికే ఏడుస్తుంటే "వాకిలి ఎవరు ఊడ్చిన్రు మరి?" అని అడిగిందొక ఆమె. రచయిత దగ్గర దానికి జవాబు లేదు. మన తెలంగాణ యాసలో రాసిన కథలైతే మొదటి వాక్యానికే దగ్గరకు జరిగి కూర్చుంటారు. కాబట్టి ఎర్రనేల గారూ, ఒంటరిగా రెండు పేజీలు దాటకపోతే పైకి చదివి చూడండి. మీ నాన్న గారికే చదవండి. పని గుర్తొచ్చినా చెప్పడు.

రాత్రి చదువుకునేవాళ్లకు ఒక మాట. వానలు పడంగనే తెల్ల ఎల్‌ఈడీ బల్బు వేస్తే ఉసిళ్లు పుస్తకం నిండా రాలుతాయి. పసుపు రంగు బల్బు పెట్టుకోండి, పురుగులు తక్కువ వస్తాయి. పూర్తిగా రాకుండా అయితే ఉండవు.

పాత_బడిపంతులు (నాగర్‌కర్నూల్)

అందరి మాటలూ బాగున్నాయి. "నోటిఫికేషన్ పడ్డదా" అన్న ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లలకు అదే నేర్పినవాళ్లం మేమే కదా. లైబ్రరీలకు పోయి చూడండి, హాలు నిండుగా ఉంటుంది, సంతోషమే, కానీ ఒక్కరి చేతిలో కూడా కథల పుస్తకం ఉండదు. అందరూ ఇంటి నుంచి తెచ్చుకున్న కాంపిటీటివ్ పుస్తకాలే చదువుతుంటారు. వాళ్ల అవసరం వాళ్లది, తప్పు పట్టను.

అయితే మన ప్రాంతంలో చదువు ఎప్పుడూ ఇట్లా లేదు. నిజాం కాలంలో బడి ఉర్దూలో, కొలువు ఉర్దూలో. తెలుగు చదివితే ఏ ఉద్యోగమూ రాదు, పైగా అనుమానంగా చూసేవాళ్లు. ఏ లాభమూ లేకపోయినా జనం చదివారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినవాళ్లకైనా, 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చినవాళ్లకైనా దాంట్లో వచ్చే ఆదాయం ఏముంది? నకిరేకల్ దగ్గరి వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేయించిన పుస్తకాలను తానే మోసుకుని తిరిగి అమ్మాడు. మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో సంచిక వేశాడు. ఆ కవులంతా పండితులనుకునేరు, ఊళ్లలో సేద్యం చూసుకుంటూ, కరణీకం చేసుకుంటూ రాసినవాళ్లు కూడా ఉన్నారు. ఈసారి దారిన పోయేవాళ్లు అడిగితే ఇది చెప్పండి. వినరు, అయినా చెప్పండి.

ఇక పనికొచ్చే సంగతి. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. రసీదు తీసి చూసుకోండి. అంటే లైబ్రరీకి మీరు చందా కడుతూనే ఉన్నారు, వాడుకోవట్లేదు అంతే. శాఖా గ్రంథాలయంలో కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యులైతే పుస్తకాలు ఇంటికి ఇస్తారు. పొద్దున, సాయంత్రం తెరుస్తారు, మధ్యాహ్నం మూస్తారు, శుక్రవారం సెలవు. కొనాలంటే ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో పాత పుస్తకాలమ్మే ఫుట్‌పాత్ ఉండనే ఉంది, బేరం ఆడాలి, కట్ట మొత్తం తీసుకుంటే ఇంకా తగ్గిస్తారు.

నాగలి_నెట్‌వర్క్ (మిర్యాలగూడ)

అందరూ కాగితం పుస్తకం గురించే మాట్లాడుతున్నరు, ఆడియో సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నేను ట్రాక్టర్ నడిపేటప్పుడు తప్ప మిగతా టైమంతా ఇయర్‌ఫోన్ పెట్టుకుని నవలలే వింటున్న. కలుపు తీసేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు, పాలు పిండేటప్పుడు. పల్లికాయ ఒలుస్తూ అత్తమ్మ విన్నది చదువైతే నాది ఎందుకు కాదు?

చదవాలనే ఉంటే కథానిలయం సైట్ చూడండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ అది, పాత పత్రికల్లో వచ్చిన కథలు స్కాన్ చేసి పెట్టారు. ఫ్రీ. పుస్తకం కోసం హైదరాబాద్ దాకా పోయే పని లేదు.

బత్తాయి_కాపు

వినుడు తప్పని ఎవరన్నరు? హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ అన్నీ విని పెరిగినోళ్లమే. కానీ ఫోన్ల చదువుడు మాత్రం నేను ఒప్పుకోను తమ్మీ. కథ సగంల ఉండంగ పైనుంచి "మీ ఊర్లో మార్కెట్ రేటు" అని మెసేజ్ దిగుతది, అది చూడకుండ ఉండే రైతు ఎవడు? రేటు చూసినంక ఇంక కథ ఎక్కదు. విను, కానీ చదివేటప్పుడు ఫోన్ బండి డిక్కీలో పెట్టు.

ఇంకో మాట, బర్రెల దగ్గర ఇయర్‌ఫోన్లు వద్దు. అది తన్నేముందు గురక తీస్తది, అది వినపడాలె.

ఎర్రనేల

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. పెన్సిల్ తీసి మా అక్క కొడుక్కి ఇచ్చేశా. కథల పుస్తకం ఒకటి డబ్బాలో పెట్టి బాయికాడ ఉంచిన. నిన్న వరి మడికి నీళ్లు కట్టుకుంటూ ఒక కథ పూర్తిగా చదివిన, చాలా ఏళ్ల తర్వాత. నీళ్లు పక్క మడిలోకి దుంకినయి, నాన్న వచ్చి కట్టేసి పోయిండు, ఈసారి ఏమన్నడంటే "ఏముంది అందుల?" అని. చెప్పిన. ముగింపు బాగలేదన్నడు.

కానీ రాత్రి చదవడం మాత్రం కుదరట్లేదు. పుస్తకం కొంచెం దూరం పెడితే అక్షరాలు కనిపిస్తున్నయి, దగ్గరికి తెస్తే అలుక్కుపోతున్నయి. ఫోన్‌లో అయితే అక్షరం పెద్దగా చేసుకుంటా కాబట్టి తెలియట్లేదేమో. ఏకాగ్రత పోయిందనుకుంటున్నా.

పాలమూరు_కోడలు

మీ వయసెంతన్నా?

ఎర్రనేల

నలభై నాలుగు అక్కా.

పాలమూరు_కోడలు

అక్కా అనొద్దు, నేను మీకంటే చిన్నదాన్ని. ఏకాగ్రత కాదు, అది చత్వారం. నలభై దాటితే అందరికీ వస్తుంది. మా ఆయన కూడా ఇట్లనే ఏడాది పాటు మందుల డబ్బా మీద మోతాదు చదవడానికి చెయ్యి చాచి పట్టుకునేవాడు, పత్తికి కొట్టే మందు ఎంత కలపాలో తప్పు చదివితే పంట ఏమైతది? చివరికి కంటి పరీక్ష చేయించి అద్దాలు తెచ్చుకున్నాడు. రోడ్డు మీద అమ్మే అద్దాలు అందాజగా కొనకండి, ఒకసారి పరీక్ష చేయించుకోండి, రెండు కండ్లకు ఒకే నంబరు ఉండకపోవచ్చు. అట్లనే బీపీ, షుగర్ కూడా చూపించుకోండి.

నాగలి_నెట్‌వర్క్

అంటే ఇన్ని రోజుల నుంచి ఫోన్‌ను తిడుతున్నరు, తప్పు కండ్లదన్నమాట 😄

బత్తాయి_కాపు

ఫోన్‌ది కూడా ఉంది. నువ్వు పాలు పిండుకో పో.

ఎర్రనేల

సరే, అద్దాల పని ముందు చూస్తా. ఎట్లాగూ మోటరు సామాను కోసం దేవరకొండ పోవాలి, అక్కడి లైబ్రరీలో కార్డు కూడా తీసుకుంటా. ఏమేం కావాలి సార్?

పాత_బడిపంతులు

ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు పట్టుకుపోండి, డిపాజిట్ ఎంతో అక్కడ అడగండి. పొద్దున కాస్త పెందలాడే వెళ్లండి. నవలల బీరువా తాళం వేసే ఉంటుంది. లైబ్రేరియన్ గారు తాళం చెవి వెతకడానికి టైం పడుతుంది, ఎవరూ అడగరు కదా. కోప్పడకుండా నిలబడండి, మీకు ఎదురుచూడ్డం అలవాటే.